కౌంటర్ దగ్గర ఆగిన చెయ్యి: సౌందర్య సాధనాలు ఎందుకు కొంటారు, ఏ వ్యాపారం నిలబడుతుంది

ఏ ఊళ్లోనైనా ఫ్యాన్సీ షాపులో సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఒక దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. డిగ్రీ చదివే అమ్మాయి ఫౌండేషన్ ట్యూబు చేతిలోకి తీసుకుంటుంది. టెస్టర్ అడిగి మణికట్టు లోపలి వైపు చిన్న చుక్క పెట్టి రుద్దుతుంది. ముందు లైటు కింద చూస్తుంది, తర్వాత గుమ్మం దాకా వచ్చి బయటి వెలుతురులో చూస్తుంది. పక్కనున్న స్నేహితురాలిని అడుగుతుంది. ట్యూబు తిప్పి ఎమ్మార్పీ, ఎక్స్‌పైరీ డేటు చూస్తుంది. ఫోన్ తీసి ఆ పేరు వెతుకుతుంది. చివరికి "మళ్లీ వస్తాం అన్నా" అని ట్యూబు కౌంటర్ మీద పెట్టేసి, ఒక స్టిక్కర్ల ప్యాకెట్ కొనుక్కుని వెళ్లిపోతుంది.

ఆ అమ్మాయికి కొనాలని ఉంది. పర్సులో డబ్బులూ ఉన్నాయి. అయినా చెయ్యి ఆగింది. బిస్కెట్లు నచ్చకపోతే పది రూపాయలు పోయాయనుకుంటాం, అంతే. మొహానికి రాసుకున్నది పడకపోతే మర్నాడు మొటిమలతో కాలేజీకి వెళ్లాలి. షేడ్ కుదరకపోతే మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. పైగా ఇంట్లో "ఆ చెత్తంతా ఎందుకు పూసుకుంటావే" అనిపించుకోవాలి. కొనేవాళ్ల మనసులో కోరిక ఎంత ఉంటుందో భయమూ అంతే ఉంటుంది. మన దేశంలో ఈ రంగంలో పైకొచ్చిన వ్యాపారాలను వరసగా చూస్తే, చాలావరకు ఆ భయంలో ఏదో ఒక ముక్కను తీసేసి పైకొచ్చినవే. భయాన్ని పెంచి డబ్బు చేసుకున్నవీ ఉన్నాయి. రెండు రకాలనూ చూడాలి.

సర్వేలో "కొంటాను", షాపులో "మళ్లీ వస్తాను"

కొనుగోలు ఉద్దేశం గురించి మేనేజ్‌మెంట్ చదువుల్లో ఎక్కువగా వాడేది సామాజిక మనస్తత్వవేత్త ఐసెక్ ఐజెన్ సిద్ధాంతం. 1991లో ఆయన పూర్తి రూపంలో వివరించిన ఆ సిద్ధాంతం ప్రకారం మనిషి ఒక పని చేద్దామనుకోవడం మూడింటి మీద ఆధారపడుతుంది. ఆ పని మీద తన అభిప్రాయం ఏమిటి, తనవాళ్లు ఏమంటారు, అది తన వల్ల అవుతుందా. లిప్‌స్టిక్ విషయంలో ఇవే ఇలా మారతాయి: వేసుకుంటే నాకు బాగుంటుందా? అమ్మ, అత్తగారు, ఆఫీసులో వాళ్లు ఏమంటారు? ఆ ధర పెట్టగలనా, సరిగ్గా వేసుకోవడం వచ్చా?

మన దగ్గర రెండో ప్రశ్నకు బరువు ఎక్కువ. పెళ్లికి మేకప్ వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఖర్చు కూడా పెళ్లి ఖర్చులో కలిసిపోతుంది. అదే మామూలు రోజు ముదురు ఎరుపు లిప్‌స్టిక్‌తో బస్టాండుకు వెళ్తే నలుగురూ నాలుగు మాటలు అంటారు. కాటుకకు ఆ ఇబ్బంది లేదు. పసిపిల్లకి అమ్మమ్మే పెడుతుంది కాబట్టి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే కాజల్‌తో ఇంట్లోకి వచ్చిన కంపెనీకి తర్వాత ఐలైనర్, ఆ తర్వాత లిప్‌స్టిక్ అమ్మడం తేలిక. మొదటే లిప్‌స్టిక్‌తో వచ్చినవాళ్లకు దారి ఏటవాలుగా ఉంటుంది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు "ఏ ప్రొడక్టు బాగుంది" అని ఆలోచిస్తారు గానీ, "ఏ ప్రొడక్టుకు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు" అని ఆలోచించేవాళ్లు తక్కువ.

ఈ సిద్ధాంతం పట్టుకుని ఎంబీఏ, కామర్స్ ప్రాజెక్టుల్లో ఏటా బోలెడు సర్వేలు జరుగుతాయి. గూగుల్ ఫామ్ తయారుచేసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. "ఈ బ్రాండ్ కొనాలనుకుంటున్నారా" అని అడిగి 1 నుంచి 5 లోపు ఒక అంకె నొక్కమంటారు. 4 నొక్కడానికి పైసా ఖర్చు లేదు. నొక్కేవాళ్లంతా ఒకే వయసువాళ్లు, చాలాసార్లు ఒకే హాస్టల్‌వాళ్లు. ఉద్దేశానికీ అసలు కొనడానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంటుందని ఈ రంగంలో పరిశోధన చేసేవాళ్లకు బాగా తెలుసు. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. సర్వే అడిగేది మొదటిసారి కొనడం గురించి. వ్యాపారం బతికేది రెండోసారి కొనడం మీద. మొదటిసారి కొనిపించడానికి డిస్కౌంటు చాలు, ఒక హీరోయిన్ ఫొటో చాలు. ట్యూబు అయిపోయాక అదే పేరు మళ్లీ అడిగితేనే పెట్టిన ఖర్చు వెనక్కి వస్తుంది.

యాభై పైసల ధైర్యం

భయాన్ని తగ్గించడమంటే ఏమిటో షాంపూ సాషే కథలో ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన ఉండేవారు. రిక్షా తొక్కేవాళ్లు, కూలీలు కూడా కొనగలిగేలా సరుకును చిన్న ప్యాకెట్లలో అమ్మాలన్నది ఆయన పట్టుదల. ఆయన పోయాక కొడుకులు వెల్వెట్ షాంపూను సాషేల్లో తెచ్చారు. వాళ్లలో ఒకరైన సి.కె. రంగనాథన్ కుటుంబ వ్యాపారం నుంచి బయటికొచ్చి, 1983లో 15,000 రూపాయలతో సొంతంగా మొదలుపెట్టారు. తండ్రి పేరు నుంచే తన షాంపూకు చిక్ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంస్థే తర్వాత కెవిన్‌కేర్ అయింది.

అప్పటి పల్లెటూళ్లలో తలంటు అంటే కుంకుడుకాయలో శీకాయో. అవి నలగ్గొట్టే తీరిక లేనివాళ్లు ఒంటికి రుద్దుకునే సబ్బే తలకీ రుద్దేవాళ్లు. షాంపూ సీసా కొనాలంటే ఒకేసారి చాలా డబ్బు పెట్టాలి. అది పడకపోతే? జుట్టు ఊడితే? అసలు ఎంత వేసుకోవాలి, ఎంతసేపు ఉంచాలి? ఈ ప్రశ్నలకు పేపర్లో ప్రకటన జవాబు చెప్పలేదు. రంగనాథన్ మనుషులు ఊళ్లలోకి వెళ్లి, జనం గుమిగూడాక ఒక బడి పిల్లాడిని కూర్చోబెట్టి అందరి ముందూ తలస్నానం చేయించేవాళ్లు. ఆరాక ఆ జుట్టును ముట్టుకుని చూడమనేవాళ్లు, వాసన చూడమనేవాళ్లు. రజనీకాంత్ సినిమా ఆటలు స్పాన్సర్ చేసి, మధ్యలో ప్రకటన వేసి, అక్కడే చేసి చూపించి, జనానికి సాషేలు ఉచితంగా పంచేవాళ్లు. తమిళనాడులోనే కాదు, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో కూడా ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసిందని, ప్రతి ఆట తర్వాతా అమ్మకాలు మూడు నాలుగు రెట్లు పెరిగేవని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఇక ఖాళీ సాషేల పథకం. ఏ కంపెనీదైనా సరే, ఐదు ఖాళీ సాషేలు తెస్తే ఒక చిక్ సాషే ఉచితం. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, దాని వెనక లెక్క గట్టిది. ఐదు ఖాళీ సాషేలు తెచ్చారంటే వాళ్లు ఇప్పటికే షాంపూ అలవాటు ఉన్నవాళ్లు. వాళ్లకు షాంపూ అంటే భయం లేదు, ఈ షాంపూ తెలియదు, అంతే. అలాంటివాళ్లను వెతికి పట్టుకోవడానికి సర్వే అక్కర్లేకుండా పోయింది. వాళ్లే నడిచి వచ్చారు. జనానికి అలవాటయ్యాక పథకాన్ని మార్చి, చిక్ ఖాళీ సాషేలే తేవాలన్నారు. మొదటి కొనుగోలును రెండో కొనుగోలుగా మార్చింది ఆ మార్పే. తర్వాత మల్లె, గులాబీ పరిమళాలు వచ్చాయి. పూలు పెట్టుకునే దక్షిణాది ఆడవాళ్లకు ఆ వాసనలు కొత్త కావు. నటి అమల ప్రకటనల్లోకి వచ్చింది ఆ తర్వాతే. ఈ వరస గమనించాలి. ముందు ముట్టుకుని చూడనిచ్చారు, తర్వాత వాసన కుదిర్చారు, ఆ తర్వాతే తారను తెచ్చారు. ఇవాళ చాలా కొత్త బ్రాండ్లు దీన్ని తలకిందులు చేస్తున్నాయి.

చిక్ సాషేకు తర్వాత పెట్టిన అర్ధ రూపాయి ధర చేసిన పని "చవక" అన్న ఒక్క మాటతో తేలిపోదు. యాభై పైసలు పోయినా ఇంట్లో ఎవరూ అడగరు. అంటే ఐజెన్ చెప్పిన రెండో ప్రశ్న, మూడో ప్రశ్న రెండూ ఒక్క దెబ్బతో తీరిపోయాయి. దీనికి ఇంకో ముఖమూ ఉంది, అది కూడా చెప్పుకోవాలి. ఆ ఖాళీ సాషేల పొరలను విడదీసి మళ్లీ వాడుకోవడం చాలా కష్టం. పల్లె చెరువు గట్టున, పట్నం మురుగుకాలువలో ఇవాళ కనిపించేది వాటి పోగే. ఆ బాకీని ఇంకా ఎవరూ పూర్తిగా తీర్చలేదు.

తెలిసిన వాసన, కుదిరిన రంగు

విప్రో సంతూర్ సబ్బు 1980ల మధ్యలో వచ్చింది. మొదట్లో పసుపు, చందనం అనే రెండు మాటల మీదే దాని ప్రచారం. తర్వాత "ఈమెకు అంత పెద్ద కూతురా" అనిపించే తల్లి వచ్చి చేరింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ సబ్బుకు దొరికిన ఆదరణ సబ్బుల వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ప్రకటన ఒక్కటే దానికి కారణమనుకుంటే పొరపాటే. పసుపు రాసుకుని స్నానం చేయడం తెలిసిన ఇంట్లో పసుపు సబ్బు గురించి ఎవరూ అనుమానపడరు. కొత్త వస్తువు పాత వస్తువు పేరు చెప్పుకుని లోపలికి వస్తే సగం భయం గుమ్మం బయటే ఉండిపోతుంది. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో అమ్మలు ఇప్పటికీ సున్నిపిండి, కుంకుడు పొడి పెట్టి పంపేదీ ఇదే నమ్మకంతో.

రంగు సంగతి వేరు. లాక్మే పుట్టిందే బయటి సరుకుకు బదులుగా. 1952లో, విదేశీ మారకం దిగుమతి మేకప్‌కు ఖర్చవుతోందన్న ఆందోళన నేపథ్యంలో టాటా ఆయిల్ మిల్స్ దీన్ని మొదలుపెట్టింది. పేరు ఫ్రెంచి ఒపేరాది, దాని మూలం మన లక్ష్మి. 1961లో సిమోన్ టాటా బోర్డులోకి వచ్చాక అది ఇంటింటి పేరు అయింది. 1998లో ఆ బ్రాండును 200 కోట్లకు హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేశారు, ఆ డబ్బుతోనే టాటాలు బట్టల షాపుల వ్యాపారంలోకి దిగారు. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు మన దగ్గర షేడ్ కార్డు అంటే తెలుపుకు దగ్గరి రంగులే ఎక్కువ. చామనఛాయ మొహానికి సరిపోయేది వెతుక్కోవాల్సి వచ్చేది. వినీతా సింగ్ తదితరులు నడుపుతున్న షుగర్ లాంటి బ్రాండ్లు మన ఒంటి రంగులకు సరిపడే షేడ్లనీ, చెమటకు చెదరని మ్యాట్ లిప్‌స్టిక్కునీ ముందు పెట్టుకుని పైకొచ్చాయి. విజయవాడ మే నెల ఎండలో మధ్యాహ్నానికల్లా కారిపోయే లిప్‌స్టిక్‌ను రెండోసారి ఎవరు కొంటారు?

అసలుదేనా? లోపల ఏముంది?

ఆన్‌లైన్ వచ్చాక భయం రూపం మారింది. షాపులో టెస్టర్ ఉంటుంది, ఫోన్లో ఉండదు. పైగా సౌందర్య సాధనాల్లో నకిలీల బెడద ఎక్కువ, డబ్బా చూస్తే అసలుదో కాదో తెలియదు. ఫాల్గుణీ నాయర్ 2012లో నైకా మొదలుపెట్టేనాటికి దాదాపు యాభై ఏళ్ల వయసులో ఉన్నారు. అంతకుముందు కోటక్‌లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్. అప్పట్లో పెద్ద ఈ-కామర్స్ కంపెనీలు ఎవరి సరుకునైనా తమ సైట్లో అమ్ముకోనిచ్చే పద్ధతి వైపు పోతుంటే, ఆమె బ్రాండ్ల నుంచి నేరుగా సరుకు కొని తమ గోడౌన్‌లో పెట్టుకుని అమ్మే దారి పట్టారు. అందులో ఖర్చెక్కువ, డబ్బు సరుకులో ఇరుక్కుపోతుంది. కానీ "ఇది అసలుదేనా" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు ఆ గోడౌన్‌లోనే ఉంది. 2021 నవంబరులో కంపెనీ షేర్ మార్కెట్లోకి వచ్చింది. ఇందులో గ్రహించాల్సిన విషయం, యాభై ఏళ్లకూ మొదలుపెట్టొచ్చు అన్న స్ఫూర్తి కథ ఒక్కటే కాదు. ఫైనాన్స్‌లో చాలా ఏళ్లు గడిపిన మనిషి, ఖర్చు ఎక్కడ పెట్టక తప్పదో ముందే లెక్క వేసుకున్నారు.

రెండో ప్రశ్న, లోపల ఏముంది అన్నది. 2016లో మొదలైన మామాఎర్త్ "విషపదార్థాలు లేవు" అన్న మాటతో పసిపిల్లల తల్లుల దగ్గరికి వెళ్లింది. జైపూర్‌కు చెందిన మోహిత్, రాహుల్ యాదవ్ అన్నదమ్ములు 2020లో తెచ్చిన మినిమలిస్ట్ ఇంకో అడుగు వేసి, డబ్బా ముందువైపే పదార్థం పేరు, శాతం రాసేసింది. నియాసినమైడ్ 10 శాతం, ఇలా. అందమైన మోడల్ లేదు, పూల బొమ్మ లేదు. మందు సీసాలా ఉంటుంది. ఇంటర్మీడియెట్‌లో కెమిస్ట్రీ చదివిన పిల్లలకు అదే నచ్చింది. దాచడానికేమీ లేదని చెప్పడమే దాని ప్రచారం. ఐదేళ్లు తిరక్కుండానే, 2025 జనవరిలో హిందుస్థాన్ యూనిలీవర్ 90.5 శాతం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. అప్పుడు కంపెనీకి కట్టిన విలువ దాదాపు 3,000 కోట్లు.

ఆన్‌లైన్‌లో గెలిచినవాళ్లంతా కిరాణా కొట్లోనూ గెలుస్తారనేమీ లేదు. మామాఎర్త్ మాతృసంస్థ హోనాసా 2024లో డిస్ట్రిబ్యూషన్ పద్ధతి మార్చుకునే క్రమంలో సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చి, జులై-సెప్టెంబరు త్రైమాసికంలో నష్టం చూపించింది. డీలరు గోడౌన్‌కు చేరిన సరుకు కస్టమరు ఇంటికి చేరినట్టు కాదు. మధ్యలో ఎంత ఆగిపోయిందన్నది అమ్మకాల లెక్కలో వెంటనే కనపడదు.

భయాన్ని పెంచి అమ్మినవాళ్లు

ఇక రెండో రకం. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో తెల్లదనం క్రీముల ప్రకటనలన్నీ ఒకే కథ చెప్పాయి. నల్లగా ఉన్న అమ్మాయికి సంబంధం కుదరదు, ఉద్యోగం రాదు, క్రీము రాసుకోగానే రెండూ వస్తాయి. కొనుగోలు ఉద్దేశం పుట్టించడంలో అవి గొప్పగా నెగ్గాయి. కోట్ల ట్యూబులు అమ్ముడయ్యాయి. కానీ అవి తీర్చిన భయం ఏదీ లేదు. పెళ్లిచూపుల్లో అప్పటికే ఉన్న గాయాన్ని రోజూ టీవీలో కెలికాయి. తెలుగు ఇళ్లలో "పిల్ల రంగు తక్కువ" అన్న మాట విని పెరిగిన ఆడపిల్లలకు ఇది వ్యాపార విశ్లేషణ విషయం కాదు, సొంత బతుకు. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి, నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపకూడదని నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరులోంచి "ఫెయిర్" తీసేసి గ్లో అండ్ లవ్లీ చేశారు. పేరు మారినంత తేలిగ్గా కోరిక మారదు. చట్టబద్ధమైన కంపెనీ వెనక్కి తగ్గిన చోట పేరూ ఊరూ లేని క్రీము దూరుతుంది.

కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు మధ్య ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 చూశారు. అందులో 15 మందికి అరుదైన ఒక లక్షణం బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. ఇలాంటి క్రీముల్లో కలిపే పాదరసం చర్మంలో రంగు తయారవకుండా అడ్డుకుంటుంది, అందుకే రెండు వారాల్లో మొహం తెల్లబడినట్టు కనిపిస్తుంది. అదే పాదరసం రక్తంలో కలిసి కిడ్నీకి చేరుతుంది. మన నిబంధనల ప్రకారం మామూలు క్రీముల్లో అనుకోకుండా కలిసే పాదరసం పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. ఎవరు తయారుచేశారో రాయని డబ్బాకు ఆ నిబంధన ఏం తెలుస్తుంది? స్టెరాయిడ్ క్రీముల సంగతీ ఇంతే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను కట్టడి చేసింది. అయినా "మొహం బాగా తేలుతుంది" అని పక్కింటావిడ చెబితే మందుల షాపులో పేరు చెప్పి తెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కొన్నాళ్లకు చర్మం పలచబడుతుంది, ఎండకు మండుతుంది, క్రీము మానేస్తే మొహమంతా ఎర్రగా పొక్కుతుంది. మానలేక మళ్లీ అదే కొంటారు. లెక్కల పుస్తకంలో అది కూడా "రెండో కొనుగోలు" కిందే పడుతుంది. అందుకే మళ్లీ కొన్నారు కదా అని చూసి ఊరుకోకూడదు, ఎందుకు కొన్నారో కూడా అడగాలి.

కాకినాడ నుంచి సున్నిపిండి దాకా

వ్యాపారంలో గెలవడానికి మనిషిలో ఏముండాలి అన్న ప్రశ్నకు ప్రపంచమంతా చదివే ఒక ప్రయోగం మన కాకినాడలో జరిగింది. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను బృందాలుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న తపన పెంచే శిక్షణ ఇప్పించారు. ఇవాళ యూసుఫ్‌గూడలో నిమ్స్‌మే అని పిలిచేది ఆ సంస్థనే. పోలిక కోసం రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు, వాళ్లకు శిక్షణ లేదు. తర్వాతి సంవత్సరాల్లో శిక్షణ పొందినవాళ్లలో కొత్త పెట్టుబడి, కొత్త చొరవ ఎక్కువ కనిపించాయి. సంప్రదాయ నమ్మకాలు వ్యాపార చొరవకు అడ్డు కావని, తపన నేర్పితే వస్తుందని మెక్‌లెలాండ్ తేల్చారు.

ఆ మాట నిజమే, కానీ సౌందర్య సాధనాల్లో తపన ఒక్కటే చాలదు. ఇంట్లో సున్నిపిండి చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం మొదలుపెట్టిన ఒక మనిషిని ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెసలు, శనగపప్పు, కస్తూరి పసుపు, బావంచాలు, కచోరాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు మేడ మీద దుప్పటి పరిచి ఎండబెడతారు. చైత్ర వైశాఖాల ఎండలో రెండు రోజులకు గలగలలాడతాయి. శ్రావణంలో ఆర్డర్లు పెరుగుతాయి, అప్పుడే ముసురు. పైకి ఎండినట్టే ఉన్న గులాబీ రేకులో లోపల తడి మిగిలిపోతుంది. మర పట్టించి డబ్బాకెత్తిన మూడు వారాలకు పిండి ఉండ కడుతుంది, మూత తీస్తే ముక్కిపోయిన వాసన. కస్టమరు ఫోన్ చేసి తిట్టరు. మళ్లీ కొనరు, అంతే. ఏ రోజు ఎండబెట్టిన సరుకు ఏ డబ్బాల్లోకి వెళ్లిందో నోట్‌బుక్‌లో బ్యాచ్ నంబరు వేసి రాసుకుంటేనే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది.

ఇక డబ్బు లెక్క. ఇది ఊహా లెక్కే, అంకెలు ఎవరికి వాళ్లు మార్చుకోవచ్చు. వంద గ్రాముల డబ్బా 200 రూపాయలకు అమ్మారనుకుందాం. సరుకు, డబ్బా, లేబులు, కూలి కలిపి 50. కొరియర్ 50. ఆన్‌లైన్ ప్రకటనకు ఒక కొత్త కస్టమరు దొరకడానికి అయ్యే ఖర్చు 80. పన్ను 18 శాతం శ్లాబు అనుకుంటే ఆ 200లో సుమారు 30 అటు పోతుంది. మొత్తం 210. మొదటి డబ్బా మీద పది రూపాయలు చేతి నుంచి పడ్డాయి. అదే మనిషి రెండోసారి అడిగితే ప్రకటన ఖర్చు ఉండదు, 70 మిగులుతుంది. చాలా చిన్న బ్రాండ్లు "ఆర్డర్లు బాగా వస్తున్నాయి, డబ్బు మాత్రం కనిపించడం లేదు" అని టెన్షన్ పడేది ఇక్కడే. ఆర్డర్లన్నీ కొత్తవాళ్లవే అయితే అమ్మినకొద్దీ నష్టం.

పన్ను గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూ, హెయిర్ ఆయిల్, టాల్కం పౌడరు, సబ్బుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. లిప్‌స్టిక్, క్రీములు 18లోనే ఉన్నాయి. అంటే పన్ను తగ్గిన ఆ సరుకులతో మొదలుపెట్టేవాళ్లకు ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకునే వీలుంది.

లైసెన్స్ విషయంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇంట్లో చేసింది కదా, ఏ అనుమతీ అక్కర్లేదనుకుంటారు. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940 కింద వచ్చిన 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం, అమ్మకానికి తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి లైసెన్స్ తీసుకోవాలి. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు, పదార్థాలు, ఎప్పటిలోగా వాడాలో రాయాలి. సొంత యూనిట్ పెట్టలేనివాళ్లు లైసెన్స్ ఉన్న ఫ్యాక్టరీలో చేయించుకుని తమ పేరుతో అమ్ముతారు, పెద్ద పెద్ద ఆన్‌లైన్ బ్రాండ్లలో కూడా ఈ పద్ధతి మామూలే.

"కెమికల్స్ లేవు" అన్న మాట దగ్గర ఆగాలి. కొనుగోలు ఉద్దేశాన్ని బాగా పెంచే మాటల్లో ఇదొకటి, తయారుచేసేవాళ్లను ప్రమాదంలో పడేసే మాట కూడా ఇదే. పొడిలో, నూనెలో నీరు ఉండదు కాబట్టి సరిగ్గా ఎండితే నిలవ ఉంటాయి. కలబంద జెల్, లోషన్ అలా కాదు. నీరున్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ప్రిజర్వేటివ్ వేయకుండా "స్వచ్ఛమైన కలబంద" అని సీసాలో పోసి అమ్మితే కొద్ది రోజుల్లోనే పాడవుతుంది, కంటికి కనపడకుండా కూడా పాడవుతుంది. తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టేవాళ్లు నీరు లేని సరుకుతోనే మొదలుపెట్టడం మంచిది. జెల్ చేయక తప్పదంటే ప్రిజర్వేటివ్ వేసి, వేశామని లేబుల్ మీద రాయాలి. రాస్తే జనం కొనరేమో అన్న భయం ఉంటుంది. డబ్బా ముందే రసాయనం పేరు, శాతం రాసి పైకొచ్చిన జైపూర్ కంపెనీని చూశాక ఆ భయానికి ఆధారం తక్కువ.

ప్రచారానికి వస్తే, చిన్న ఊళ్లలో యూట్యూబర్ కంటే బ్యూటీ పార్లర్ అక్క మాటకు ఎక్కువ విలువ. ఆమె మొహాన్ని దగ్గర్నుంచి చూస్తుంది, ఎవరికి ఏది పడిందో ఏది పడలేదో గుర్తుంచుకుంటుంది, రేపు మళ్లీ అదే మొహాన్ని చూడాల్సిన మనిషి కాబట్టి తెలిసి తెలిసి చెడ్డ సరుకు చెప్పదు. ఇక యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డబ్బు తీసుకుని చెప్పేవాళ్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. చూసేవాళ్లు కూడా ఇప్పుడు ఆ చిన్న అక్షరాలు వెతుకుతున్నారు. ఒక వీడియోకు పెట్టే డబ్బుతో ఊళ్లోని ఇరవై పార్లర్లకు చిన్న డబ్బాలు ఇచ్చి నెల తర్వాత వెళ్లి అడిగితే వచ్చే సమాచారం ఏ గూగుల్ ఫామ్‌లోనూ దొరకదు. ఎవరికి దురద వచ్చింది, వాసన ఎవరికి నచ్చలేదు, మూత ఎందుకు బిగుసుకుపోయింది, అన్నీ మొహం మీదే చెప్పేస్తారు.

వంద గ్రాముల సున్నిపిండి వారానికి రెండుసార్లు వాడితే నెలకో నెలన్నరకో అయిపోతుంది. సంక్రాంతికి వంద డబ్బాలు అమ్మిన మనిషి నోట్‌బుక్‌లో ఆ వంద పేర్లూ ఉండాలి. ఉగాది నాటికి వాటిలో ఎన్ని పేర్ల పక్కన రెండో తేదీ పడిందో లెక్కపెట్టాలి. పడనివాళ్లలో కనీసం పదిమందికి ఫోన్ చేసి, "ఎందుకు మానేశారండీ" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగి వినాలి.